వ్యాగనులో రబ్బరు మనిషి

"నేరం చేసినవాడు పాతాళంలో దాక్కున్నా పాదముద్ర వదలక తప్పదు. పాదముద్ర వదిలినవాడు నా కంట పడక తప్పదు. ఈ శతాబ్దం నన్ను కాస్త ఆలస్యంగా గుర్తించవచ్చు బావా, కానీ గుర్తించక తప్పదు!"

ఈ మాట అంటూ డేగకన్ను ఠీవిగా ఒక అడుగు వెనక్కి వేసి, కారుతున్న ఇంజనాయిలు పట్టడానికి వ్యాగను కింద పెట్టిన రేకుతట్టలో కాలు పెట్టాడు.

"పాదముద్ర" అన్నాడు బావ, షెడ్డు గచ్చు మీద నల్లటి అడుగులు ఒక్కొక్కటే పడడం చూస్తూ.

"చూశావా? అప్పుడే దొరకడం మొదలైంది!" అన్నాడు డేగకన్ను, భూతద్దం తీసి తన అడుగుల మీదకే వంగి.

డేగకన్ను అంటే బావ భార్యకు స్వయానా తమ్ముడు. అసలు పేరుతో అతన్ని పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఈ బిరుదు ఒకరు ఇచ్చింది కాదు, తనకు తానే తీసుకున్నది. ఉద్యోగం కళ్ళజోళ్ళ షాపులో. అక్కడ ఊరందరి చూపూ సరిచేసి, సాయంత్రానికి దళసరి అద్దాల కళ్ళజోడుతో అక్కగారింటికి వచ్చి, హాల్లో సోఫా మీద పడుకుంటాడు. కొన్నాళ్ళు ఉండి వెళతానని వచ్చిన మనిషి. ఆ కొన్నాళ్ళు ఇంకా అయిపోలేదు.

ఇల్లు రెండు గదులు. ఒకదాంట్లో బావ అమ్మానాన్నలు, రెండోదాంట్లో బావా భార్యా, మధ్య హాల్లో డేగకన్ను. ఎవరు తుమ్మినా మిగతా నలుగురూ చిరంజీవ అనాల్సిందే. ఆ ఇంటి వెనక షెడ్డు, షెడ్డులో వ్యాగను.

దాన్ని పాత స్టేషన్ వ్యాగను అని ఒక్కమాటలో చెప్పేస్తే దానికి అన్యాయం చేసినట్టే. ముందు నుంచి చూస్తే కారు, వెనక నుంచి చూస్తే మంచం. ఒక తలుపు తెలుపు, ఒకటి ఆకుపచ్చ, మిగతా అంతా తుప్పు. కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసే బావ, సెలవుల్లో బాగుచేసి అందరినీ ఎక్కించుకుని తిరుగుదామని ముచ్చటపడి కొన్నాడు. సెలవు వచ్చినప్పుడల్లా ఇంజను విప్పేవాడు. మళ్ళీ బిగించేసరికి ఎప్పుడూ నాలుగు నట్లు మిగిలేవి. అవి ఎక్కడివో ఇంజనుకూ తెలియదు, బావకూ తెలియదు. బండి మాత్రం ఒక్క రోజూ ఒక్క అడుగూ కదల్లేదు. వీధిలో వాళ్ళు "మీ బండి ఎలా ఉంది?" అని జబ్బుచేసిన మనిషిని అడిగినట్టు అడిగేవాళ్ళు.

ఆ పరామర్శలు పడలేక, ఒక రాత్రి భోజనాల దగ్గర బావ గొంతు సవరించుకున్నాడు.

"వ్యాగను సంగతి ఏం చేద్దాం? అమ్మేద్దామా?"

నిజానికి అది ప్రశ్న కాదు, ఎర. ఒక్కరైనా "పాపం, ఉండనీ" అంటారేమోనని వేసిన ఎర. అన్నం కలుపుతున్నట్టు నటిస్తూ నాలుగు వైపులా చెవులు వేశాడు.

"అమ్మేయ్, పీడ విరగడవుతుంది" అన్నాడు నాన్న, తల ఎత్తకుండానే.

"నాకు దాని మొహం చూస్తేనే కంపరం" అంది అమ్మ.

"మీ ఇష్టమండీ" అంది భార్య. ఆమె ఎప్పుడూ అంతే. టెలిఫోను కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ తిట్లు తిని "క్షమించండి, మీ ఇబ్బంది అర్థమైంది" అనడమే పని. ఇంటికొచ్చాక కూడా గొంతు పెరగదు. అంత సహనం ఎక్కణ్నుంచి తెచ్చుకుందో అని అత్తగారే ఆశ్చర్యపోయేది.

ఒకరు కాకపోతే ఒకరైనా కాదంటారనుకున్న బావకు ఆ రోజు అన్నం సయించలేదు. ఇంతమందికి అడ్డమైన బండిని ఏ మొహం పెట్టుకుని ఉంచుకుంటాడు? బేరం పెట్టేశాడు.

అప్పటి నుంచే వింతలు మొదలయ్యాయి.

మొదట మొక్కల నర్సరీ ఆయన వచ్చాడు. బండి టాపు కోసేసి అందులో పూలమొక్కలు పెంచుతానన్నాడు. అంతా కుదిరింది. బావ మంచినీళ్ళు తెచ్చేలోగా ఆయన వీధి చివర్లో పరుగులాంటి నడకతో కనిపించాడు. తర్వాత ఫొటో స్టూడియో ఆయన, బండి ముందు జనాన్ని నిలబెట్టి ఫొటోలు తీస్తానని వచ్చాడు. తీసుకెళ్ళే రోజు పొద్దున చూస్తే చక్రాలన్నీ చప్పిడి ముక్కుల్లా నేలకంటుకుని ఉన్నాయి. బావ పంపుతో గాలి కొట్టి కొట్టి, చేతులు పడిపోయాక మళ్ళీ రమ్మన్నాడు. ఆయన మళ్ళీ వచ్చేసరికి తాళంచెవి లేదు. స్టూడియో ఆయన చేతులు జోడించి, "మీ బండికి ఫొటో దిగడం ఇష్టం లేనట్టుంది సార్" అని వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది పాత ఇనుము షాపాయన. ఆయనకు గాలీ అక్కర్లేదు, తాళమూ అక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం లారీ తెచ్చి, లాక్కెళ్ళి, ముక్కలు కోస్తానన్నాడు.

ఆ ఆదివారమే డేగకన్ను కేసు చేపట్టాడు. ఎవరూ అప్పగించలేదు.

"బావా, ఈ బండిలో ఏదో ఉంది. వజ్రాలు కావచ్చు, రహస్య పత్రాలు కావచ్చు, శవమైనా కావచ్చు. దాన్ని బయటికి పోనివ్వకుండా ఒక అదృశ్య హస్తం అడ్డుపడుతోంది."

"ఒరేయ్, శవం ఉంటే ఇన్నాళ్ళకు వాసన రాదట్రా?"

"వస్తోందిగా!"

"అది నీ కాలి ఆయిలు."

డేగకన్ను ఆ ఆధారాన్ని పక్కనపెట్టి బండిలోకి దూరాడు. కాసేపు భూతద్దం, కాసేపు ముక్కు వాడాడు. బయటికి వచ్చేటప్పుడు తల పైకప్పుకు కొట్టుకుని, దాన్నీ ఆలోచనలో భాగంగానే చూపించాడు.

"డ్రైవరు సీటు బాగా ముందుకు జరిపి ఉంది. అంటే దుండగుడు పొట్టి. కానీ వెనక సీటు మీద ఈ చివర తలనూనె మరక, ఆ చివర బూటు గీత. అంటే దుండగుడు పొడుగు. ముందు అద్దం లోపలి వైపు నోటి తుంపర్లు. అంటే దుండగుడు మహా కోపిష్టి. చక్రం దగ్గర ఇది." ఒక జడపిన్ను ఎత్తి చూపాడు. "విషపు సూది!"

"అది జడపిన్నురా."

"చూసేవాళ్ళు అలా అనుకోవాలనేగా వాడు దాన్ని జడపిన్ను ఆకారంలో చేయించాడు!" డేగకన్ను గొంతు తగ్గించాడు. "పొట్టిగా మొదలై పొడుగ్గా సాగగల కోపిష్టి ఒక్కడే ఉంటాడు బావా. రబ్బరు మనిషి!"

"నర్సరీ ఆయన్ని కనుక్కున్నావా, ఎందుకు పారిపోయాడో?"

"అడిగాను. 'మీ మావయ్యనే అడగండి' అన్నాడు. భయంతో మతి పోయింది పాపం. వదిలేశాను."

బావకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. అతని మనసంతా రాబోయే లారీ మీదే ఉంది. కోసేస్తారట. ముందు ఆ ఆకుపచ్చ తలుపు కోస్తారో, పైకప్పు కోస్తారో.

"లారీ వచ్చేలోగా వాడు చివరి ప్రయత్నం చేస్తాడు" అన్నాడు డేగకన్ను. "మనం వెనక సీటు అవతల, సామాన్లు పెట్టే చోట పడుకుని పట్టా కప్పుకుందాం. వల పన్నినట్టే!"

మామూలు రోజైతే బావ కసిరేవాడే. కానీ ఆ బండిలో ఇంకో గంట పడుకోవడానికి ఒక సాకు దొరికింది కదా అనుకుని, మారు మాట్లాడకుండా ఎక్కేశాడు.

ఇంట్లో అందరూ భోజనాలు చేసి కునుకు తీస్తున్న వేళ. పట్టా కింద ఉక్క. డేగకన్ను మోచేయి బావ డొక్కలో, బావ మోకాలు డేగకన్ను కళ్ళజోడు మీద. షెడ్డు తలుపు కిర్రుమంది.

"వచ్చాడు!" డేగకన్ను ఊపిరి బావ చెవిలో బుస్సుమంది.

పట్టా చిరుగులోంచి బావ చూశాడు. నాన్న. చంకలో తలగడ, కాళ్ళకు వాకింగు బూట్లు.

పోస్టాఫీసులో రిటైరయ్యాక నాన్న రోజూ రెండు పూటలా వాకింగుకు వెళతాడు. ఎండైనా వానైనా మానడు. "నీ వయసులో ఆయన్ని చూసి నేర్చుకో" అని అమ్మ బావను సాధించని రోజు లేదు. ఆ బూట్ల అడుగులు ఇన్నాళ్ళయినా ఎందుకు అరగలేదో బావకు ఇప్పుడు అర్థమైంది. నాన్న వెనక సీటు మీద తలగడ వేసి, కాళ్ళు చాపి, "అమ్మయ్య" అని ఒక్క నిట్టూర్పు విడిచాడు. రైలుకూత పెట్టడానికి ముందు ఇంజను ఆవిరి వదిలినట్టు మొదటి గురక వదలబోతుండగా మళ్ళీ తలుపు కిర్రుమంది.

నాన్న తలగడతో సహా సీట్ల మధ్య సందులోకి జారిపోయాడు.

"చూశావా, పొడుగువాడు పొట్టివాడైపోయాడు" గుసగుసలాడాడు డేగకన్ను. "రబ్బరే!"

"నోరు మూయరా. మా నాన్న."

"మారువేషం బావా. అచ్చు మావయ్యలా తయారయ్యాడు."

ఈసారి వచ్చింది భార్య. ముందు ఎడమ సీట్లో కూర్చుంది. అద్దాలన్నీ ఒక్కొక్కటే ఎత్తింది. కొంగు బిగించింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత వినిపించిన గొంతు బావ పెళ్ళైనప్పటి నుంచీ ఎన్నడూ విననిది.

"ఏం మనుషులమ్మా! ఆ అత్తగారు, కూరలో ఉప్పు తక్కువైందని నాకు చెప్పదు, కూరతో చెబుతుంది! 'ఏమే కూరా, నీకు ఉప్పెయ్యలేదటే' అంటుంది! ఆ మావగారు, గురక పెడితే గోడలకు సున్నం రాలుతుంది! పొద్దున లేచి 'నాకు రాత్రంతా నిద్రే లేదమ్మా' అంటాడు!"

సీట్ల సందులో తలగడ కదిలింది.

"ఇక మా తమ్ముడు! డేగకన్నట, డేగకన్ను! సబ్బు ఎదురుగా పెట్టుకుని సబ్బేదక్కా అని అరుస్తాడు! కొన్నాళ్ళుంటానని వచ్చాడు. వాడెప్పుడు పోతాడో చెప్పేవాడు లేడు, వాణ్ని పొమ్మనేవాడు లేడు!"

"నా గురించి అన్నీ తెలుసుకున్నాడు" అన్నాడు డేగకన్ను, చెమట తుడుచుకుంటూ. "ప్రమాదకరమైన వ్యక్తి."

భార్య ఆగింది. బావ తన వంతు వచ్చిందని గ్రహించి కళ్ళు మూసుకున్నాడు. కానీ ఆమె గొంతు పెరగలేదు, తగ్గింది.

"ఇక మా ఆయన. ఆ మనిషికి ఏం కావాలో నోరు తెరిచి చెప్పడు. అమ్మేద్దామా అని అడుగుతాడు, వద్దని మనచేత చెప్పించుకోవాలని. వద్దంటే ఎందుకంటాడు. ఎందుకో ఎలా చెప్పను? మీ అందర్నీ తిట్టుకోవడానికి నాకు ఇదొక్కటే చోటు అని చెప్పనా? పిన్నుతో గాలి తీశాను. ఇంకేం చెయ్యను? రేపట్నుంచి ఎక్కడికి పోయి అరవను?"

ముక్కు చీదిన చప్పుడు. బావ పట్టా అంచు పట్టుకున్నాడు. లేచి ఏదో ఒకటి అనబోయాడు. ఇంతలో తలుపు మూడోసారి కిర్రుమంది. భార్య తటాలున సీటు ముందున్న ఖాళీలోకి దిగి ముడుచుకుంది.

అమ్మ వచ్చింది. బొడ్డులోంచి పోయిన తాళంచెవి తీసి ఒకసారి కళ్ళకద్దుకుంది. డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు జరిగింది. వెనక ఏం కనిపిస్తోందో చూసే అద్దంలో బొట్టు సరిచేసుకుంది.

"క్లచ్చి నొక్కాలి. ఫస్టు గేరు. వదలాలి. నెమ్మదిగా. క్లచ్చి. సెకండు గేరు. ఏవండోయ్, పక్కకు తప్పుకోండి, కనబళ్ళేదూ?" ఎదురుగా ఉన్న షెడ్డు తలుపుతో అంది. "పెళ్ళైన నాటి నుంచీ స్కూటరు వెనక కూర్చుని నీ వీపు తప్ప ఒక్క ఊరు చూడలేదయ్యా! ఇప్పుడు నువ్వు కూర్చో వెనక! థర్డు గేరు..." గేరు కడ్డీ ఎడమకు లాగింది. మెత్తగా దేనికో తగిలింది. "ఇదేమిటమ్మా, థర్డు గేరుకు జుట్టు మొలిచింది!" కంగారుగా కడ్డీని మధ్యకు తెచ్చి వదిలేసింది.

ఆ క్షణంలో డేగకన్నులోని అపరాధ పరిశోధకుడు ఆగలేకపోయాడు. పట్టాతో సహా పైకి లేచాడు.

"ఎవరూ కదలొద్దు! ఆట ముగిసింది! బయట పోలీసులు..."

మాట పూర్తికాలేదు. పట్టా కాళ్ళకు చుట్టుకుంది. వెనక సీటు మీదుగా ఎగిరి, నాన్న మీద కాలు వేసి, రెండు ముందు సీట్ల మధ్య బోర్లాపడ్డాడు. పడుతూ పడుతూ చేతికి దొరికిన దాన్నే గట్టిగా పట్టుకుని, బరువంతా వేసి కిందికి అణిచేశాడు. అది హ్యాండు బ్రేకు.

ఎవరూ కదలొద్దని అతనన్నాడు. ఎవరూ కదల్లేదు. బండి కదిలింది.

బావ కొన్న నాటి నుంచీ, విప్పీ బిగించీ, తుడిచీ తోసీ కదిలించలేకపోయిన బండి, కేవలం ఒక బావమరిది కింద పడడం వల్ల కదిలింది. ఓరగా వేసి ఉన్న షెడ్డు తలుపుల్ని మెత్తగా తోసుకుని, వాలుగా ఉన్న సందులోకి దిగింది.

"అమ్మో, నడుస్తోంది!" అంది అమ్మ. భయపడిందో మురిసిపోయిందో చెప్పడం కష్టం.

"బ్రేకు వెయ్యండత్తయ్యా!" సీటు కిందనుంచి కోడలి తల లేచింది.

"నువ్వేమిటే ఇక్కడ?"

"మీరేమిటి ఇక్కడ?"

"ఇద్దరూ రోడ్డు చూడండి!" సందులోంచి నాన్న అరిచాడు.

"మీరు వాకింగుకు పోలా?"

"ఇప్పుడే వచ్చా!"

"అమ్మా, బ్రేకులు లేవు! విప్పి బకెట్లో నానబెట్టా!" వెనకనుంచి బావ.

"ఒరేయ్, నువ్వూ ఉన్నావా! ఇంట్లో ఎవరున్నార్రా మరి?"

"రబ్బరు మనిషి నలుగురిగా విడిపోయాడు!" కిందనుంచి డేగకన్ను.

అమ్మ మాత్రం స్టీరింగు వదల్లేదు. ఎదురొచ్చిన సైకిలును కుడివైపు వదిలేసింది, పడుకున్న కుక్కను ఎడమవైపు వదిలేసింది. వదలనిది ఒక్కటే, ఎవరో ఆరేసిన బట్టల తీగ. దాని మీద దుప్పటి కొంతదూరం జెండాలా వెంట వచ్చింది. సందు చివర కొత్త ఇల్లు కట్టేవాళ్ళు పోసుకున్న ఇసుక గుట్ట ఉంది. వ్యాగను నిదానంగా వెళ్ళి, అలసిన గేదె నీళ్ళలోకి దిగినట్టు, ఇసుకలోకి ముక్కు దించి ఆగింది.

ఇసుక గుట్ట పక్కనే లారీ. లారీ పక్కన పాత ఇనుము షాపాయన, నోట్లో పుల్లతో.

"నడవదన్నారు కదండీ!" అన్నాడు.

అందరూ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నారు. నాన్న తలగడ ఒళ్ళో పెట్టుకుని దాన్ని ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు.

"నర్సరీ ఆయనతో ఏం చెప్పావు నాన్నా?" అడిగాడు బావ.

"బండి నిండా తేనెటీగలున్నాయన్నా. ఏం చెయ్యన్రా, ఇంట్లో పడుకుంటే గురకంటారు, బయట పడుకుంటే సోమరి అంటారు."

"తాళంచెవి నేనే తీశా" అంది అమ్మ, ఎవరూ అడక్కుండానే. "ఏం, తియ్యకూడదా?"

"మరి ఆ రోజు అన్నం దగ్గర దీని మొహం చూస్తే కంపరం అన్నావ్?"

"వద్దంటే, నీకెందుకే బండి అంటారు మీరంతా. పిల్లి పాలు తాగుతూ గిన్నె ఎక్కడుందో చెబుతుందట్రా?"

షాపాయన పుల్ల తీసి పారేశాడు. "ఫ్యామిలీ మాటలు తర్వాత చూసుకుందురు గానీ సార్, తాడు కట్టమంటారా?"

ఇన్నాళ్ళూ అందరినీ అడిగిన బావ, ఈసారి ఎవరి వైపూ చూడలేదు. పట్టా మడిచి పక్కన పెట్టి, కిందికి దిగి, ఆకుపచ్చ తలుపు మీద చెయ్యి వేశాడు.

"కట్టండి. పైకి లాగాలి. మా షెడ్డు దాకా. దీన్ని అమ్మను."

"అమ్మకపోతే నన్నెందుకు పిలిచారు?"

"వద్దనేవాళ్ళు ఉన్నారో లేదో తెలియక."

"బాగుచేసి నడుపుతారా?"

"మొదట బ్రేకులు బిగిస్తా. తర్వాత మా అమ్మ నడుపుతుంది. లేదంటే నడవకుండానే ఉంటుంది. రెండు గదుల ఇల్లండీ మాది. ఇది మూడోది."

షాపాయన కాసేపు బండినీ, బండిలోని వాళ్ళనూ మార్చి మార్చి చూశాడు. "నిజమేలెండి. ఇంతమంది కాపురముంటున్నదాన్ని కోస్తే ఉసురు తగుల్తుంది" అంటూ లారీలోంచి తాడు లాగాడు.

అప్పటికి చుట్టూ జనం చేరారు. దుప్పటి తాలూకు ఇల్లాలు కూడా వచ్చింది. డేగకన్ను ఇసుక గుట్ట ఎక్కి, పగిలిన కళ్ళజోడు అద్దాల్లోంచి లోకాన్ని పరికించి ప్రకటించాడు.

"ప్రజలారా! ఒక భయంకర ముఠా కుట్ర ఈ రోజు భగ్నమైంది. నేను కాలయాపన చెయ్యకుండా సరైన క్షణంలో హ్యాండు బ్రేకు దించడం వల్లే..."

"పడ్డావురా" అంది అక్క.

"పడినట్టు కనిపించాను. రబ్బరు మనిషి తప్పించుకున్నాడు, ఒప్పుకుంటాను. కానీ వాడు మళ్ళీ వస్తాడు. అందుకని కేసు తేలేదాకా నేను ఈ ఇల్లు వదలను!"

అక్క పెదాలు గట్టిగా బిగించింది. "క్షమించండి, మీ ఇబ్బంది అర్థమైంది" అనే మొహం ఒక క్షణం వచ్చి, వచ్చిన దారినే పోయింది. ఆమె వ్యాగను ముందు తలుపు తెరిచి ఎక్కి, సీట్లో ఒదిగి కూర్చుని పక్కన చోటు చూపించి, "ఎక్కండి" అంది భర్తతో.

బావ ఎక్కాడు. వెనక నాన్న తలగడ సర్దుకుని కాళ్ళు చాపాడు, ఈసారి బాహాటంగా. ముందు అమ్మ స్టీరింగు పట్టుకుని, లారీ లాగుతుందని తెలిసి కూడా ఫస్టు గేరు వెయ్యబోతే బావ ఆపాడు. తాడు బిగుసుకుంది. బండి ఇసుకలోంచి బయటపడి మెల్లగా వెనక్కి, పైకి కదిలింది. డేగకన్ను వెంటే నడుస్తూ దారి పొడుగునా ఆధారాలు ఏరుతున్నాడు.

భార్య అద్దాలు ఎత్తింది. ఒకటి, ఇంకొకటి. కొంగు బిగించి భర్త వైపు తిరిగింది.

"మొదలుపెట్టనా?"

"కానీ" అన్నాడు బావ. "మొదట్నుంచీ."

ఆమె మొదట్నుంచే మొదలుపెట్టింది. నోరెందుకిచ్చాడండీ దేవుడు మీకు అని మొదలై, నానబెట్టిన బ్రేకుల మీదుగా, మిగిలిపోయిన నట్ల మీదుగా, బావ మరిచిపోయిన పుట్టినరోజుల మీదుగా సాగింది. అత్తగారు మధ్యలో "అదీ అలా అడుగు" అని రెండుసార్లు అందుకుంది. మావగారి గురక తాళం వేసింది. బావ ఒక్కమాటకూ అడ్డుచెప్పలేదు. నవ్వు ఆపుకోవడమే అతనికి కష్టమైంది.

షెడ్డు వచ్చింది. తాడు విప్పారు. లారీ వెళ్ళిపోయింది.

బండిలోంచి ఎవరూ దిగలేదు.